సెలవుల్లో సరిహద్దు దాటే ముందు

నేను మొదట చూసేది పాస్‌పోర్టు గడువు. చాలా దేశాలు ఇంకా 6 నెలలైనా మిగిలి ఉండాలంటాయి. టికెట్లు కొనకముందే ఇంట్లో అందరివీ తీసి చూడండి, ముఖ్యంగా పిల్లలవి. వాళ్లవి పెద్దవాళ్లకంటే తొందరగా అయిపోతాయి.

పిల్లలతో ఒక్కరే వెళ్తుంటే రెండోవారి సంతకంతో అనుమతి లేఖ తప్పకుండా పెట్టుకోండి. ఓసారి మా పాపతో నేనొక్కదాన్నే వెళ్లాను. అధికారి వంగి, "నాన్న ఏరమ్మా?" అని దాన్నే అడిగారు. అది బిక్కమొహం వేసింది. లేఖ, జనన ధృవీకరణ పత్రం చేతిలోనే ఉండబట్టి రెండు నిమిషాల్లో పంపేశారు. అవి డిక్కీలోని పెట్టెలో ఉంటే ఎంత టెన్షన్ పడేదాన్నో!

మందులు కొన్న ప్యాకెట్లలోనే, డాక్టరు చీటీతో ఉంచండి. పండ్లు, మాంసం, విత్తనాలు ఉంటే అడగకముందే చెప్పేయండి. చెబితే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా పడొచ్చు. అమెరికాలోకి వెళ్లేటప్పుడు నగదు 10,000 డాలర్లు దాటితే రాసివ్వాలి. యూరోపియన్ యూనియన్‌లోనైతే 10,000 యూరోల నుంచే.

అద్దె కారైతే సరిహద్దు దాటడానికి కంపెనీ అనుమతి, అవతలి దేశంలో చెల్లే బీమా రెండూ కాగితం మీద తీసుకోండి. బహుమతులకు రంగు కాగితం అక్కడికి చేరాకే చుట్టండి, తనిఖీలో విప్పమంటారు.