ఆకాశం ఫోటోను ఎక్స్‌రే ఫిల్ము చదివినట్టు చదవండి

నేను బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఫిల్ము చేతికి రాగానే మేం ఎముక చూడం. ముందు పేషెంటు పేరు, తేదీ చూస్తాం. తర్వాత మూలన కుడి వైపో ఎడమ వైపో తెలిపే అక్షరం పడిందా లేదా చూస్తాం. అది లేకపోతే ఎంత స్పష్టంగా వచ్చిన ఫిల్మైనా డాక్టరు ముందు పెట్టం. ఏ చెయ్యి విరిగిందో తెలియని ఫిల్ముతో ఎవరికి ఉపయోగం?

సెలవు రోజుల్లో రాత్రిళ్లు మారతహళ్లిలో మా మిద్దె మీద 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంటాను. అపార్ట్‌మెంటులో సగం మంది మన తెలుగువాళ్లే. అందుకని ఆకాశం గురించి ఏ ఫోటో ఫార్వర్డ్ అయినా "ఇది నిజమేనా?" అనే ప్రశ్న చివరికి నా దగ్గరికే వస్తుంది. ఆ జవాబు మీ అంతట మీరే చెప్పుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు, తేదీ

ప్రతి దీపావళికీ తప్పకుండా వచ్చే ఫోటో ఒకటుంది. భారతదేశం పటం నిండా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు దీపాలు. "దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి మన దేశం" అని కింద రాసి ఉంటుంది. ఆ చిత్రం నిజమైన డేటాతో చేసిందే. అమెరికా వాతావరణ ఉపగ్రహాల కొలతలు తీసుకుని, ఆ దేశపు వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ 2003లో తయారుచేశారు. 1992కు ముందే ఉన్న దీపాలకు తెలుపు, 1992లో కొత్తగా కనిపించిన వాటికి నీలం, 1998 వాటికి ఆకుపచ్చ, 2003 వాటికి ఎరుపు ఇచ్చారు. మన ఊళ్లు ఏ ఏడు ఎంత పెరిగాయో చెప్పే చిత్రం అది. చూడటం తెలిస్తే దీపావళి కథకన్నా అదే ఎక్కువ విలువైనది. ఎవరో కింద ఉన్న వివరణ తీసేశారు, అంతే, పదేళ్ల చరిత్ర ఒక్క రాత్రి పండుగైపోయింది. 2012 నవంబరులో దీపావళి సమయంలో ఉపగ్రహం నిజంగా తీసిన చిత్రాన్ని నాసా విడుదల చేసింది. అందులో మామూలు నగరాల వెలుతురే ఉంది. మన ప్రమిదలు, టపాసులు అంత ఎత్తుకి తేడాగా కనిపించవు.

కాబట్టి మొదటి పని: ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి దాని పుట్టిల్లు పట్టుకోండి. నాసా, యూరప్ అంతరిక్ష సంస్థ ఈసా, హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుల సైట్లలో దొరికితే కింద వివరణ మొత్తం చదవండి. ఈసా వాళ్ల హబుల్ పేజీల్లో చాలా చిత్రాలకు ఏ ఫిల్టరుతో తీశారు, ఏ తరంగదైర్ఘ్యానికి ఏ రంగు ఇచ్చారు అనే పట్టిక కూడా ఉంటుంది. నాకు ఫోటోకన్నా ఆ పట్టికంటేనే ఇష్టం. అది ఫిల్ముతో పాటు వచ్చే రిపోర్టు లాంటిది.

రంగు ఇవ్వడం అబద్ధం కాదు

"ఇవన్నీ కంప్యూటర్లో రంగులేసినవట కదా, నిజం కాదట కదా" అని చాలామంది అడుగుతారు. ఈ మాట నన్ను బాధపెడుతుంది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా ఉంటే అది అబద్ధమని ఎవరూ అనరు. కలర్ డాప్లర్ స్కాన్ చూసే ఉంటారు, గర్భిణులకు, గుండె పేషెంట్లకు తీస్తారు. అందులో ఎరుపు, నీలం మచ్చలు కదులుతుంటాయి. ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడు రక్తం అనుకుంటారు. మామూలుగా మేం పెట్టుకునే పద్ధతిలో ఎరుపంటే రక్తం ప్రోబ్ (ఒంటి మీద ఆనించే పరికరం) వైపు వస్తోందని, నీలమంటే దూరంగా పోతోందని. రంగు ఒక సమాచారాన్ని మోస్తోంది.

హబుల్ 1995లో తీసిన "సృష్టి స్తంభాలు" ఫోటోనే తీసుకోండి. ఈగిల్ నీహారికలో, అంటే అంతరిక్షంలోని ఒక పెద్ద ధూళి, వాయువుల మేఘంలో, మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న స్తంభాలు అవి. హబుల్ కెమెరా నలుపు తెలుపుల్లోనే తీస్తుంది. ముందు ఒక ఫిల్టరు పెట్టి గంధకం నుంచి వచ్చే కాంతిని, ఇంకోదానితో హైడ్రోజన్ కాంతిని, మూడోదానితో ఆక్సిజన్ కాంతిని విడివిడిగా పట్టుకున్నారు. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చి కలిపారు. ఎందుకలా? హైడ్రోజన్ ఆ కాంతిని 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, గంధకం 672 దగ్గర ఇస్తాయి. రెండూ ఎరుపే. కంటికి కనిపించే రంగుల్లోనే చూపిస్తే ఏది ఎక్కడుందో విడదీయలేం. రంగు మార్చాకే ఏ అంచున ఏ వాయువు వెలుగుతోందో తెలిసింది.

ఆ ఫోటోకు పై మూలన మెట్లు కోసినట్టు నల్లటి భాగం ఉంటుంది. దాన్ని చాలామంది కత్తిరించి షేర్ చేస్తారు. దయచేసి కత్తిరించకండి. ఆ కెమెరాలో నాలుగు చిప్పులుండేవి. ఒకటి మిగతా వాటికన్నా చిన్న మేర చూస్తుంది, ఆ మెట్లు దాని వల్ల వచ్చినవే. ఫిల్ము మూలన అక్షరం ఎంతో, ఆ మెట్లు అంత. ఏ కెమెరా తీసిందో అవే చెబుతాయి.

జేమ్స్ వెబ్ ఫోటోల విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టాలి. అది పరారుణ కాంతిలో, అంటే మన కంటికి అందని కాంతిలో చూస్తుంది. పొడుగు తరంగాలకు ఎరుపు, పొట్టి వాటికి నీలం వైపు రంగులు వరసగా ఇస్తారు. ఒక కీర్తనను గాయని తన గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చి పాడినట్టే. స్వరాల వరస మారదు, అవి మన చెవికి అందే స్థాయికి వస్తాయి. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 అనే గెలాక్సీలోని కృష్ణబిలం చిత్రమైతే రేడియో తరంగాలతో కట్టినది. ఆ నారింజ రంగు శాస్త్రవేత్తలు ఎంచుకున్నది.

వివరణ పోతే ఏమవుతుందో నెప్ట్యూన్ చెబుతుంది. 1989లో వాయేజర్ 2 నౌక పంపిన చిత్రాల్లో మేఘాలు బాగా కనబడాలని కాంట్రాస్ట్ పెంచారు. ఆ సంగతి అప్పట్లో చెప్పారు కూడా. ఏళ్లు గడిచేకొద్దీ ఫోటో మిగిలింది, మాట పోయింది. పిల్లల పుస్తకాల్లో నెప్ట్యూన్ ముదురు నీలమైపోయింది. 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు లెక్కలన్నీ సరిచూసి యురేనస్, నెప్ట్యూన్ రెండూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ నీలమని, నెప్ట్యూన్‌లో నీలం కాస్త ఎక్కువని చూపించారు.

మన ఊరి నుంచే పట్టుకోగల తప్పులు

చెయ్యి బారుగా చాచి చిటికెన వేలు పెట్టండి. దాని వెడల్పు సుమారు ఒక డిగ్రీ. పిడికిలి పది డిగ్రీలు. చంద్రుడు, సూర్యుడు ఆకాశంలో చెరి అర డిగ్రీ. ఈ మూడు కొలతలు గుర్తుంటే సగం ఫోటోల సంగతి తేలిపోతుంది. "ఉత్తర ధ్రువం దగ్గర సూర్యాస్తమయం" అని పెద్ద నెలవంక కింద చిన్న సూర్యుడున్న ఫోటో వస్తుంది కదా, సూర్యుడికన్నా చంద్రుడు అన్ని రెట్లు పెద్దగా భూమ్మీద ఎక్కడి నుంచీ కనబడడు. అది కంప్యూటర్లో గీసిన బొమ్మ. ఆగస్టులో కుజుడు చంద్రుడంత అవుతాడనే మెసేజీ కూడా ఈ వేలి లెక్కతోనే పోతుంది. 2003లో కుజుడు మనకు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా చంద్రుడి వెడల్పులో డెబ్బయ్యో వంతే ఉన్నాడు.

బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అంటే ధ్రువ నక్షత్రం ఉత్తరాన పిడికిలికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది. మా వైపు పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు వెనకాల. చుక్కలు వలయాలుగా తిరిగిన ఫోటోలో ఆ వలయాల కేంద్రం నడినెత్తికి దగ్గరగా ఉండి, కింద "నంది హిల్స్" అని రాసి ఉంటే నమ్మకండి. సాయంత్రం నెలవంక కూడా మనకు పడవలా వెల్లకిలా పడుకుంటుంది, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. నిటారుగా నిలబడిన సన్నటి నెలవంక పడమటి అంచున ఉంటే ఆ ఫోటో చాలావరకు ఉత్తర దేశాలది.

చుక్కల పటంలో ఉత్తరం పైకి పెడితే తూర్పు ఎడమకు వస్తుంది. కొత్తవాళ్లు దీనికి టెన్షన్ పడతారు. ఛాతీ ఎక్స్‌రేలో పేషెంటు కుడి పక్క మనకు ఎడమన వచ్చినట్టే. ఎదురుగా నిలబడి చూస్తున్నాం కాబట్టి.

మాటలు

"పాలపుంత" మన గెలాక్సీ ఒక్కదానికే పేరు. పేపర్లో "శాస్త్రవేత్తలు మరో పాలపుంతను కనుగొన్నారు" అని వస్తే నాకు పెన్ను తీసుకుని దిద్దాలనిపిస్తుంది. పుంత అంటే బండ్లు నడిచే దారి. ఆకాశంలో పాలు ఒలికిన బండిదారి! ఇంత చక్కటి మాట ఇంకో గెలాక్సీకి పెట్టకండి. దాన్ని గెలాక్సీ అనండి, లేదా నక్షత్రవీధి అనండి.

కాంతి సంవత్సరం దూరం. సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. "కొన్ని కాంతి సంవత్సరాల క్రితం" అంటే "కొన్ని కిలోమీటర్ల క్రితం" అన్నట్టే.

"చంద్రుడి చీకటి వైపు" అని చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టులో కూడా చాలామంది అన్నారు. అది దిగింది మనవైపు ముఖంలోనే, దక్షిణ ధ్రువానికి దగ్గరగా. చంద్రుడికి శాశ్వతంగా చీకటిగా ఉండే ముఖం లేదు. మనకు కనబడని వైపుకీ పదిహేను రోజులు ఎండ ఉంటుంది. "అవతలి వైపు" అనండి.

చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వచ్చే పున్నమికి సూపర్ మూన్ అనే మాటను 1979లో రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడు పెట్టాడు. అత్యంత చిన్న పున్నమితో పోలిస్తే 14 శాతం వరకు వెడల్పు ఎక్కువ. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఒక్కటే చూస్తే తెలియదు. అయినా ఆ మాట విని పిల్లలు మిద్దె ఎక్కితే నాకు సంతోషమే.

గ్రహ నీహారికలకూ గ్రహాలకూ సంబంధం లేదు. విలియం హెర్షెల్ టెలిస్కోపులో అవి గ్రహాల్లా గుండ్రంగా కనిపించాయని ఆ పేరు పడింది. ముసలి నక్షత్రం వదిలిన పొర అది.

డాప్లర్ స్కాన్ చూసినవాళ్లకు ఒక హెచ్చరిక. ఖగోళంలో లెక్క తిరగబడుతుంది. దగ్గరికొచ్చేదానికి నీలం, దూరం పోయేదానికి ఎరుపు. ఆండ్రోమెడా గెలాక్సీ సూర్యుడి వైపు సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, దాని కాంతి నీలం వైపు జరుగుతుంది. ఆ జరుగుడు వెయ్యిలో ఒక వంతే. ఫోటోలో దాని అంచుల నీలం వేడి యువ నక్షత్రాలది.

కంటితో చూసేటప్పుడు

మొన్న జనవరిలో మూడో అంతస్తు కర్నూలువాళ్ల అమ్మాయి ఓరియన్ నీహారిక చూస్తానని వచ్చింది. ఐదో తరగతి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టి చూపించాను.

"ఏదో పొగలా ఉంది. ఇంతేనా ఆంటీ? గులాబీ రంగు లేదే?"

"లేదమ్మా. ఇంత మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు. కెమెరా నిమిషాల తరబడి వెలుతురు పోగేస్తుంది, కన్ను పోగెయ్యలేదు. ఇంకాసేపు చూడు. పొగ మధ్యలో చుక్కలెన్ని?"

ఆమె ఊపిరి బిగబట్టి, స్టూలు అంచు పట్టుకుని చాలాసేపు చూసింది. "మూడు... కాదు కాదు, నాలుగు!" అంది. ట్రెపీజియం అనే ఆ గుంపులోని నాలుగు చుక్కలూ తనే లెక్కపెట్టుకుంది. 1,300 కాంతి సంవత్సరాల అవతల నుంచి బయల్దేరిన వెలుతురు నేరుగా ఆ పిల్ల కంట్లో పడింది, మధ్యలో ఏ కంప్యూటరూ లేదు. ఎంత గొప్ప ఫోటో కూడా నాకు దానికి సాటి కాదు.

రంగు కూడా కావాలంటే చుక్కల్లో దొరుకుతుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రి తొమ్మిదింటికి ఓరియన్ అనే వేటగాడి ఆకారపు చుక్కల గుంపు బాగా పైకి వచ్చి ఉంటుంది. నడుము మూడు చుక్కలకు ఒక పక్క ఆర్ద్ర, ఇంకో పక్క రైగెల్. టెలిస్కోపు గానీ బైనాక్యులర్ గానీ ఆర్ద్ర మీద పెట్టి, ఫోకస్‌ను కావాలనే కొంచెం చెడగొట్టండి. చుక్క చిన్న బిళ్లగా విచ్చుకుంటుంది, రంగు పరుచుకుంటుంది. ఆర్ద్ర నారింజ, రైగెల్ నీలం కలిసిన తెలుపు. ఆ రంగులు ఎవరూ ఇచ్చినవి కావు. నక్షత్రం పైభాగం ఎంత వేడిగా ఉందో దాన్నిబట్టి వచ్చినవి.

మిద్దె మీదికి వెళ్లే ముందు ట్యాంకు దగ్గర లైటు ఆపెయ్యమని వాచ్‌మన్‌కు చెప్పండి. కన్ను చీకటికి అలవాటుపడేదాకా, ఇరవై నిమిషాలు ఫోను తీయకండి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి.