వెల్డ్ చేసిన వెనక డిఫరెన్షియల్ – 4వ పాఠం: మలుపులో ఏం జరుగుతుంది?

పోయిన పాఠంలో డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) విప్పి, దాని లోపలి చిన్న స్పైడర్ గేర్లు ఎలా తిరుగుతాయో చూశాం. ఆ చిన్న గేర్లను, ఒక్కో చక్రం వైపు ఒకటి చొప్పున ఉండే పక్క గేర్లతో కలిపి వెల్డ్ చేసేస్తే రెండు వెనక చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టే. ఒక చక్రం గాల్లోకి లేచినా రెండోది బండిని లాగుతుంది. అందుకే చేస్తారు. మరి స్టీరింగ్ తిప్పినప్పుడో?

ముందు చిన్న లెక్క. వెనక చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. యూటర్న్ కొడితే బయటి చక్రం లోపలి దానికన్నా 4.7 మీటర్లు ఎక్కువ నడవాలి. ఇరుకుగా తిప్పినా, వెడల్పుగా తిప్పినా ఈ తేడా మారదు. 31 అంగుళాల టైరు ఒక చుట్టుకు దాదాపు 2.5 మీటర్లు పోతుంది. అంటే తేడా సుమారు రెండు చుట్లు! ఇంతకుముందు దాన్ని స్పైడర్ గేర్లు సర్దేవి. ఇప్పుడు టైర్లే నేల మీద జారి సర్దుకోవాలి. వెడల్పు మలుపులో ఆ జారుడు చాలా దూరానికి పంచుకుపోతుంది కాబట్టి పెద్దగా తెలియదు. ఇరుకు మలుపులో కొద్ది దూరంలోనే తీరాలి, అందుకే తారు రోడ్డు మీద టైర్లు కీచుమంటాయి.

లోపలి టైరు కావలసినదానికన్నా ఎక్కువ తిరిగి ముందుకు తోస్తుంది. బయటిది తక్కువ తిరిగి వెనక్కి పట్టేస్తుంది. రెండూ కలిసి బండిని తిన్నగానే పొమ్మంటాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పినా ముందు టైర్లు పక్కకు జారుతూ, మీరనుకున్న చోటికన్నా బయటికి పోతుంది బండి. కొత్తవాళ్లు ఇక్కడ కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతారు. తొక్కకండి. కాలు తేలిక చేయండి, వెడల్పుగా తీసుకోండి, చాలకపోతే ఒకసారి రివర్స్ వేసి మళ్లీ తిప్పండి.

ఇసుకలో, బురదలో నేలే జారనిస్తుంది, గొడవ లేదు. టైరు గట్టిగా పట్టే రాతి మీదే అసలు టెన్షన్. టైరు జారదు, యాక్సిల్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు పోయే కడ్డీలు) మెలితిరుగుతాయి, పట్టు తప్పగానే టైరు ఒక్క గెంతు గెంతుతుంది. ఆ కుదుపు సీటు కింద తెలుస్తుంది. బలహీనమైన షాఫ్టు విరిగేది ఇలాంటప్పుడే. క్లచ్ నొక్కితే ఆ బిగువు వదులుతుందని చాలామంది నమ్ముతారు. వదలదు, ఎందుకంటే చక్రాలు బిగుసుకున్నది ఇంజన్‌తో కాదు, ఒకదానితో ఒకటి.

ఇంకో అపోహ: వెల్డ్ చేస్తే టార్క్ (తిప్పే బలం) సగం సగం పంచుతుందని. సమానంగా పంచేది మామూలు డిఫరెన్షియలే. వెల్డ్ చేసినది వేగాన్ని సమానం చేస్తుంది. పట్టు ఒక్క చక్రానికే ఉంటే టార్క్ దాదాపు మొత్తం ఆ ఒక్క షాఫ్టు మీదే పడుతుంది.

తడి రోడ్డు మీద మాత్రం కథ తిరగబడుతుంది. యాక్సిలరేటర్ కాస్త ఎక్కువైతే రెండు వెనక టైర్లూ ఒకేసారి పట్టు వదిలి, తోక బయటికి కొట్టుకుపోతుంది. నా మాట వినండి, రోజూ రోడ్డెక్కే బండికి ఈ పని చేయించవద్దు.

అభ్యాసం: సమతల నేల మీద, ఇంజన్ ఆపి, ఫోర్ వీల్ డ్రైవ్ ఆపేసి, ముందు చక్రాలకు రెండువైపులా అడ్డుదిమ్మలు పెట్టండి. వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలిపాక, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వదిలి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే వైపు తిరిగితే వెల్డ్ గట్టిగా ఉన్నట్టు. ఎదురు తిరిగితే వెల్డ్ ఊడింది. విరిగిన ముక్కలు క్రౌన్ (డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద గేరు) పళ్లలో పడకముందే విప్పాలి. వచ్చే పాఠంలో పక్కకు వాలిన నేల మీద నడపడం.