ఎండా చలీ మితంగా ఉండే చోట అత్యల్ప ఇంధన గృహం నిర్మించడం ఎలా?

శీతకాలపు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే ప్రాంతాలలో ఇల్లు కట్టుకునేవారు చలి గురించి పెద్దగా ఆలోచించరు. మందపాటి ఇన్సులేషన్ (గోడలకు, పైకప్పుకు వేడి దాటకుండా తొడిగే పొర), గాలి చొరబడని కిటికీలు మంచు కురిసే దేశాలకే అవసరమనీ, మూడు నాలుగు నెలల చలికి ఒక హీటరు కొనుక్కుంటే సరిపోతుందనీ అనుకుంటారు. అందువల్లనే చలి తక్కువగా ఉండే చోట కూడా ఇళ్లలోపల చలి ఎక్కువగా ఉంటుంది. ఐరోపాలోని 14 దేశాలలో 1988 నుంచి 1997 వరకు నమోదైన మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, మిగతా కాలంతో పోలిస్తే శీతకాలంలో మరణాలు ఫిన్లాండ్‌లో 10 శాతం పెరిగితే, చలి ఎంతో తక్కువగా ఉండే పోర్చుగల్‌లో 28 శాతం, స్పెయిన్, ఐర్లాండ్‌లలో 21 శాతం చొప్పున పెరిగాయి. ఇళ్లకు తగిన ఇన్సులేషన్ లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని ఆ అధ్యయనం గుర్తించింది. సమశీతోష్ణ, శీతల ప్రాంతాలలో ఇంటి లోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

వాతావరణం మితంగా ఉన్న చోట అత్యల్ప ఇంధన గృహం, అంటే వెచ్చగా ఉంచడానికీ చల్లగా ఉంచడానికీ అతి తక్కువ ఇంధనం చాలే ఇల్లు, కట్టడం తేలిక, అదనపు ఖర్చు కూడా తక్కువ. అయితే చలిదేశాల నమూనాను ఉన్నదున్నట్టుగా తెచ్చి కట్టకూడదు. ఏది తగ్గించుకోవచ్చో, ఏది ఎంతమాత్రం తగ్గించకూడదో తెలుసుకుని కట్టాలి.

1. లక్ష్యాన్ని అంకెల్లో రాసుకోండి

స్వీడన్‌కు చెందిన బో ఆడమ్సన్, జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1988లో మొదలుపెట్టిన ఆలోచన ఫలితంగా జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో నాలుగు ఇళ్ల వరుస ఒకటి నిర్మాణమై, 1991లో అక్కడ కుటుంబాలు నివాసం మొదలుపెట్టాయి. పాసివ్ హౌస్ అని పిలిచే ఆ పద్ధతిలో ఇంటిని వెచ్చబరచడానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి వేడి అవసరం కాకూడదు. ఇక్కడ యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. అలా కాకుంటే, అతి చలిరోజున కూడా చదరపు మీటరుకు 10 వాట్లు సరిపోవాలి. ఈ 10 వాట్ల లెక్క వెనుక చక్కటి తర్కం ఉంది. ఒక్కొక్కరికి గంటకు 30 ఘనపు మీటర్ల తాజా గాలి, 30 చదరపు మీటర్ల స్థలం అనుకుంటే చదరపు మీటరుకు గంటకు ఒక ఘనపు మీటరు గాలి వస్తుంది; దుమ్ము మాడిన వాసన రాకుండా ఆ గాలిని 50 డిగ్రీల వరకు వేడిచేయవచ్చు కనుక, అది గదిలోకి తేగలిగిన వేడి సుమారు 10 వాట్లు. అంటే శ్వాస కోసం ఎలాగూ తెచ్చుకోవలసిన గాలితోనే ఇల్లంతా వెచ్చబడుతుంది. 100 చదరపు మీటర్ల ఇంటికి అతి చలిరోజున 1,000 వాట్లు చాలు. ఒక ఇస్త్రీపెట్టె తీసుకునేది కూడా దాదాపు అంతే.

మీ ప్రాంతపు నెలవారీ ఉష్ణోగ్రతలు, ఎండ, గాలిలో తేమ వివరాలను సేకరించి, నమూనా గీయకముందే ఈ లక్ష్యాన్ని ఆర్కిటెక్టు చేతికి ఇవ్వండి. ఇల్లు సగం లేచాక చేసే మార్పులకు ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ.

2. ఇంటి ఆకారం, దిశ ముందు నిర్ణయించండి

దీనికి దాదాపుగా ఖర్చు ఉండదు కాబట్టి దీనితోనే మొదలుపెట్టాలి. మూలలు, మలుపులు, బయటికి పొడుచుకువచ్చిన గదులు తగ్గితే వేడి పోయే ఉపరితలమూ తగ్గుతుంది. శీతకాలపు ఎండ భూమధ్యరేఖ వైపున్న గోడకు ఏటవాలుగా తగులుతుంది. ఉత్తరార్ధగోళంలో అది దక్షిణపు గోడ. పెద్ద కిటికీలను ఆ వైపున పెట్టి, పడమటి కిటికీలను వీలైనంత చిన్నవిగా ఉంచండి.

3. ఇన్సులేషన్ ఎంత మందం కావాలో లెక్కకట్టండి

లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో దానిని యు-విలువ అంటారు. సాధారణ గోడకు అది 2 అనుకుందాం. నాలుగు నెలల చలికాలంలో లోపల 20 డిగ్రీలు, బయట సగటున 10 డిగ్రీలు ఉంటే, 100 చదరపు మీటర్ల గోడల గుండా దాదాపు 5,760 యూనిట్ల వేడి పోతుంది. ఆ గోడకు 5 సెంటీమీటర్ల సాధారణ ఇన్సులేషన్ తొడిగితే నష్టం సుమారు 1,650కి, 10 సెంటీమీటర్లకు 960కి, 20 సెంటీమీటర్లకు 525కి, 30 సెంటీమీటర్లకు 360కి తగ్గుతుంది. మొదటి 5 సెంటీమీటర్లు నాలుగు వేల యూనిట్లకు పైగా మిగిల్చితే, చివరి 10 సెంటీమీటర్లు మిగిల్చేది 165 యూనిట్లే. ఇంత చలి మాత్రమే ఉండే చోట 30 సెంటీమీటర్ల గోడను నేను సిఫారసు చేయను. గోడలకు 10 సెంటీమీటర్ల చుట్టుపక్కల, వేసవి ఎండను రోజంతా భరించే పైకప్పుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, నేలకు 5 నుంచి 10 సెంటీమీటర్లు అనుకుని లెక్క ప్రారంభించండి. మిగిలిన డబ్బును కిటికీలకు, వాటి నీడకు, వెంటిలేషన్‌కు కేటాయించడం మేలు.

ఇటుక లేదా కాంక్రీటు గోడ అయితే ఇన్సులేషన్ బయటి వైపునే ఉండాలి. అప్పుడు గోడల బరువంతా ఇంటి లోపలి భాగమై, పగటి వేడిని తనలో దాచుకుని రాత్రికి నెమ్మదిగా వదులుతుంది. పగలూ రాత్రీ ఉష్ణోగ్రతలలో బాగా తేడా ఉండే చోట ఈ గుణం చలికాలంలోనూ వేసవిలోనూ పనికివస్తుంది.

ఇన్సులేషన్ వల్ల కలిగే మరో మేలును చాలామంది గమనించరు. లోపల 20 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు, గోడ ఉపరితలం 12.5 డిగ్రీల కంటే చల్లబడితే అక్కడ బూజు పెరగడానికి తగిన తేమ ఏర్పడుతుంది. బయట 5 డిగ్రీలు ఉన్న రాత్రి, పైన చెప్పిన సాధారణ గోడకు ఆనించి పెట్టిన బీరువా వెనుక ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీలకు పడిపోతుంది. 10 సెంటీమీటర్ల ఇన్సులేషన్ ఉంటే అదే చోట దాదాపు 18 డిగ్రీలు ఉంటుంది. మితమైన చలి ఉన్న ఇళ్లలో గోడ మూలలు నల్లబడటానికి, పిల్లలకు దగ్గు, ఆయాసం తిరగబెట్టడానికి ఈ చల్లని ఉపరితలాలు కారణమవుతాయి. నెలవారీ బిల్లులో కనబడని ఈ లాభమే నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది.

4. ఇన్సులేషన్ తెగిపోయే చోట్లను వెతకండి

బాల్కనీ స్లాబు, సజ్జ, పునాది అంచు, పిట్టగోడ, కిటికీ చట్రం చుట్టూ ఉన్న అంచు, ఇవన్నీ కాంక్రీటు లోపలి నుంచి బయటికి ఏకధాటిగా సాగే చోట్లు. వేడి సులువుగా బయటికి జారిపోయే ఈ చోట్లను థర్మల్ బ్రిడ్జిలు అంటారు. ఇంటి నిలువు కోత బొమ్మను ముందు పెట్టుకుని, ఇన్సులేషన్ గీత మీద పెన్సిలు పెట్టి ఇంటి చుట్టూ తిప్పండి. పెన్సిలు ఎత్తవలసి వచ్చిన ప్రతిచోటా ఒక పరిష్కారం కావాలి. బాల్కనీని స్లాబు నుంచి వేరుచేసి సొంత స్తంభాల మీద నిలబెట్టవచ్చు. పిట్టగోడకు రెండు వైపులా, పైనా ఇన్సులేషన్ చుట్టవచ్చు. ఇవి గీతల దశలో సులభం, పోత పోశాక అసాధ్యం.

5. కిటికీలకు నీడ కల్పించండి

చలిదేశాలలో మూడు పొరల అద్దం తప్పనిసరి. ఇక్కడ మంచి పూత ఉన్న రెండు పొరల అద్దం, వేడిని దాటనివ్వని చట్రం చాలా సందర్భాలలో సరిపోతాయి. మొత్తం కిటికీ యు-విలువ 1.3 దగ్గర ఉంటే చాలు. ఇంకా ముఖ్యమైన విషయం నీడ. సాయంత్రపు వాలుటెండ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్లకు పైగానే పడుతుంది, అందులో సగానికి పైగా సాధారణ రెండు పొరల అద్దం గుండా లోపలికి వస్తుంది. 4 చదరపు మీటర్ల అద్దం ఉంటే గదిలో 1,000 వాట్లకు మించిన హీటరు పెట్టినట్టే. ఇన్సులేషన్ బాగా ఉన్న ఇంట్లోంచి ఆ వేడి తొందరగా బయటికి పోదు. ఇలాంటి ఇళ్లు వేసవిలో ఉడికిస్తాయన్న ఫిర్యాదు వినిపించిన చోట చాలావరకు కారణం నీడలేని అద్దమే.

వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక భూమధ్యరేఖ వైపు కిటికీలకు సరైన లోతున్న సజ్జ చాలు. అది వేసవి ఎండను ఆపి, శీతకాలపు ఏటవాలు ఎండను రానిస్తుంది. తూర్పు, పడమటి కిటికీలకు సజ్జ పనిచేయదు. వాటికి బయటి వైపు తెరలు గానీ, మూసే రెక్కలు గానీ కావాలి. లోపల వేసిన కర్టెను వెలుతురును ఆపుతుంది. అప్పటికే గదిలోకి వచ్చేసిన వేడిని ఆపలేదు.

6. గాలి చొరబడే సందులు మూసి, కొలిచి చూడండి

బ్లోయర్ డోర్ పరీక్షలో ఒక ఫ్యానును తలుపు స్థానంలో బిగించి, ఇంటి లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల ఒత్తిడి తేడా కల్పించి, గంటకు ఎంత గాలి మారుతుందో కొలుస్తారు. ఇల్లు అన్ని వైపులా గంటకు సుమారు 33 కిలోమీటర్ల వేగంతో వీచే గాలికి లోనైనట్టు ఉండే పరీక్ష ఇది. పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం ఇంటి ఘనపరిమాణానికి 0.6 రెట్లు మించి గాలి మారకూడదు. వెచ్చని ప్రాంతాల కోసం ఐరోపాలో 2007లో ముగిసిన పాసివ్-ఆన్ ప్రాజెక్టు, చలి మితంగా ఉన్న చోట 1.0 వరకు అనుమతించవచ్చని ప్రతిపాదించింది. ఈ సడలింపు న్యాయమైనదే, ఎందుకంటే మన లెక్కలోని 100 చదరపు మీటర్ల ఇంట్లో, ఈ పరీక్షలో 10 రెట్ల గాలి మారే దశ నుంచి 1 రెట్టుకు తెస్తే చలికాలపు నష్టం సుమారు 1,190 యూనిట్ల నుంచి 120కి పడిపోతుంది, ఆపైన మిగిలేది స్వల్పం.

ఇటుక గోడకు లోపలి గిలాబాయే గాలిని ఆపే పొర. అందుచేత గిలాబా నేల స్లాబు నుంచి పైకప్పు దాకా ఎక్కడా తెగకూడదు. ఫాల్స్ సీలింగు పైనా, స్నానాల గది తొట్టి వెనుకా కూడా పూయాలి. విద్యుత్ పెట్టెల వెనుకా, పైపులు గోడ దాటే చోటా, కిటికీ చట్రానికీ గోడకూ మధ్యా తగిన టేపుతో మూయాలి. మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబరు ముగ్గురికీ ఈ పొర ఎక్కడ ఉందో పని మొదలయ్యే రోజే చూపించండి. పరీక్షను రెండుసార్లు చేయించండి: సందులు ఇంకా చేతికి అందే దశలో ఒకసారి, ఇల్లు పూర్తయ్యాక ఒకసారి.

గదిలోని గాలిని వాడుకుని మండే హీటరును గానీ గీజరును గానీ ఇలాంటి ఇంట్లో ఎప్పుడూ పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

7. తాజా గాలికి దారి ఏర్పాటు చేయండి

సందులు మూసిన ఇంటికి వెంటిలేషన్ తప్పనిసరి. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం మన లెక్కలోని ఇంట్లో చలికాలానికి సుమారు 760 యూనిట్ల వేడిని మిగిలిస్తుంది, దాని ఫ్యాన్లు దాదాపు 130 యూనిట్ల కరెంటును వాడతాయి. లాభమే, కానీ చలిదేశాలలో ఉన్నంత లాభం కాదు. శీతకాలపు సగటు 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువైతే ఈ యంత్రాన్ని పెట్టించండి. అంతకంటే వెచ్చగా ఉంటే వంటగదిలోనూ స్నానాల గదిలోనూ తేమను బట్టి వేగం మార్చుకునే ఎగ్జాస్టు ఫ్యాన్లు, పడకగదులలో గాలి వచ్చే చిన్న దారులు సరిపోవచ్చు. యంత్రం కొంటే వేసవిలో వేడి మార్పిడిని దాటవేసే సౌకర్యం ఉన్నదే కొనండి, దాని వడపోత జాలిని ఆరు నెలలకొకసారైనా మార్చండి. మిగతా ఎనిమిది నెలలూ కిటికీలు హాయిగా తెరుచుకోవచ్చు. వేసవి రాత్రులలో ఎదురెదురు కిటికీలు తెరిచి గోడలను చల్లబరచడం ఈ ఇళ్లకు ఉన్న గొప్ప వరం, కనుక రాత్రంతా తెరిచి ఉంచగలిగేలా దోమతెర, కటకటాలు నమూనాలోనే చేర్చండి.

8. వేడినీటి ఖర్చును లెక్కలోకి తీసుకోండి

ఇంతదాకా చెప్పినవన్నీ చేస్తే మన ఊహాత్మక ఇంటి చలికాలపు నష్టం మొత్తం సుమారు 3,100 యూనిట్లు. మనుషులు, దీపాలు, వంట వల్ల 700, ఎండ వల్ల 850 తిరిగి వస్తాయి కనుక, హీటరు ఇవ్వవలసింది 1,550 లోపే. చదరపు మీటరుకు 15 యూనిట్ల లక్ష్యం దాదాపుగా అందినట్టే. అప్పుడు వేడినీరే పెద్ద ఖర్చుగా నిలుస్తుంది. ఒక్కొక్కరికి రోజుకు 60 డిగ్రీల నీరు 25 లీటర్లు అనుకుంటే నలుగురికి ఏడాదికి 2,100 యూనిట్లు కావాలి. బయటి గాలిలోని వేడిని లాగి నీటికి అందించే హీట్ పంపుతో నీరు కాచుకుంటే మూడో వంతు కరెంటుతో పని జరుగుతుంది. బయటి గాలి మరీ చల్లగా లేని చోట ఆ యంత్రం మరింత బాగా పనిచేస్తుంది. నీటి ట్యాంకును స్నానాల గదికి దగ్గరగా పెట్టి, పైపులకు ఇన్సులేషన్ తొడగండి.

9. ఇప్పటికే కట్టిన ఇల్లయితే వరుస తప్పకండి

పాత ఇంట్లో ఈ పనులన్నీ ఒకేసారి చేయనక్కరలేదు. పైకప్పు మరమ్మతు వచ్చినప్పుడు దాని ఇన్సులేషన్, రంగులు వేయించే ఏడాది గోడల ఇన్సులేషన్ అన్నట్టు, ఎలాగూ చేయవలసిన పనికి జతచేస్తే ఖర్చు కలిసివస్తుంది. కిటికీలు గోడల కంటే ముందు మార్చవలసి వస్తే, కొత్త చట్రాన్ని పాత చోటులో కాక గోడ బయటి అంచుకు జరిపి బిగించండి. తర్వాత వచ్చే ఇన్సులేషన్ చట్రం మీదికి కొంత కప్పేలా ఉండాలి, లేకుంటే కిటికీ చుట్టూ చల్లని అంచు మిగిలి అక్కడే తేమ చేరుతుంది. కిటికీలు బిగుతుగా మార్చిన రోజే వెంటిలేషన్ కూడా సిద్ధంగా ఉండాలి. సందుల గుండా ఇంతకాలం బయటికి పోయిన తేమకు మరో దారి లేకపోతే, అది ఇంకా ఇన్సులేషన్ పడని గోడల మూలల్లో చేరుతుంది.