గానగ్రంథపు పుట చదవడం – 3వ పాఠం: నాలుగు గీతల మీద స్వరం

మధ్యయుగపు లాటిన్ చర్చి పాటల చేతిరాత పుస్తకాలు చదవడం ఈ పాఠాల పని. కిందటి పాఠంలో ఎర్ర అక్షరాలను బట్టి పుట ఏ పండుగదో తేల్చుకున్నాం. దివ్యపూజలో పాడేవి గ్రాడ్యువల్ అనే పుస్తకంలో, వేళల ప్రార్థనల్లో పాడేవి ఆంటిఫోనరీ అనే పుస్తకంలో ఉంటాయనీ చూశాం. ఇక పాడదాం.

ఈ పాఠానికి క్రిస్మస్ పగటి పూజ ప్రవేశగీతం తీసుకుందాం: ‘పూయెర్ నాతుస్ ఎస్త్ నోబిస్’ (మనకు శిశువు పుట్టెను). తెలుగు చర్చిల్లో ఆ రోజు వినిపించే యెషయా 9:6 మాటే ఇది. ఫ్లోరెన్స్ సన్యాసి డాన్ సిల్వెస్ట్రో దెయి గెరార్దుచ్చి 1390లలో, వెనిస్ పక్కన సాన్ మికేలె మఠం గ్రాడ్యువల్‌లో చిత్రించిన పుట న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉంది. ‘P’ అక్షరం కడుపులో క్రీస్తు జననం. ఫొటో తెరవండి, తెరవగానే ఆ బొమ్మను అరచేత్తో మూసేయండి! అసలు పని జరిగిన వరసా అదే: ముందు మాటలు, స్వరాలు రాసేవారు; చిత్రకారుడికి ఖాళీ చోటు వదిలేవారు.

ఇప్పుడు నాలుగు గీతల ఎడమ కొస చూడండి. అక్కడ ‘C’లాంటి చిన్న గుర్తు ఉంటుంది. దాని పేరు క్లెఫ్. అది ఏ గీతను పట్టుకుంటే ఆ గీత ‘దో’ (స్వరాల వరస: దో, రే, మి, ఫా, సోల్, లా, సి). (‘F’ గుర్తుంటే ఆ గీత ‘ఫా’.) 11వ శతాబ్దంలో ఇటలీ సంగీత గురువు, అరెజ్జో ఊరి గ్విదో ఫా గీతకు ఎరుపు, దో గీతకు పసుపు వాడమన్నాడు, మన పుటలకాలానికి గీతలన్నీ ఎరుపే అయినా క్లెఫ్ నిలిచింది. ‘దో’ అంటే ఇంత శ్రుతి అని లేదు, గాయకుల గొంతుకు ఎంత వీలైతే అంత. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇది కొత్త కాదు. క్లెఫ్ చెప్పేదల్లా అర్ధస్వరాలు (పక్కపక్క స్వరాల మధ్య సగం దూరాలు) ఎక్కడున్నాయన్నదే: దోకు కింద ఒకటి, ఫాకు కింద ఒకటి.

క్లెఫ్ మూడో గీత మీద ఉందనుకోండి (గీతలు కింది నుంచి లెక్కపెట్టాలి). మూడో గీత దో, రెండోది లా, మొదటిది ఫా. మొదటికీ రెండోదానికీ మధ్య ఖాళీ సోల్. మన పాట సోల్‌లో మొదలై, ఒక్క గెంతులో పైనున్న రేకి ఎగురుతుంది. అంటే పంచమం ఎత్తు. ముగింపు స్వరం కూడా సోలే. ఇది ఏడో మోడ్ పాట (మోడ్ అంటే చర్చి పాటల స్వరక్రమం). శంకరాభరణంలో పంచమాన్ని షడ్జం చేసుకుంటే వచ్చే హరికాంభోజి స్వరాలే ఏడో మోడ్ స్వరాలు. గమకాలు మాత్రం వేయకండి, పాట పాడైపోతుంది.

ఒక నలుపు చదరం ఒక స్వరం. రెండు చదరాలు ఒకదానిపై ఒకటి నిలువుగా ఉంటే (పోదాతుస్) కిందిది ముందు, పైది తర్వాత. కొత్తవాళ్లందరూ తడబడేది ఇక్కడే. ఎడమది ఎత్తుగా, కుడిది దిగువగా ఉంటే (క్లివిస్) దిగడం. ఎన్ని చదరాలు అంటుకున్నా కింద ఉన్న ఒక్క అక్షరం మీదే సాగదీయాలి.

ప్రతి వరుస కుడి చివర ఒక బక్క గుర్తు కనిపిస్తుంది, కింద మాట ఉండదు. అది కుస్తోస్. దాన్ని పాడకూడదు, తర్వాతి వరుస ఏ స్వరంలో మొదలవుతుందో ముందే చెబుతుంది. ఒకే పెద్ద పుస్తకం చుట్టూ నిలబడి పాడే సన్యాసులకు వరుస మారేచోట గొంతు తెగకుండా కాపాడింది ఇదే. పుటలో బంగారం కన్నా నాకు ముచ్చటైనది ఈ గుర్తే!

ఇక చెయ్యి తీయండి. బంగారు రేకు కాస్త ఉబ్బెత్తుగా మెరుస్తుంది. కింద సుద్దలాంటి పూత వేసి, రేకు అతికించి, కుక్కకోరతోనో నునుపురాయితోనో రుద్దేవారు. రంగులు ఆ తర్వాతే, లేకుంటే రేకు రంగుకు అంటుకుపోతుంది. ఈ మెరుపే పుస్తకాల కొంప ముంచింది. నెపోలియన్ కాలంలో మఠాలు మూతపడ్డాక వ్యాపారులు బొమ్మలున్న పుటలు కోసి అమ్ముకున్నారు. 1825లో లండన్ క్రిస్టీస్‌లో చెలోత్తి అనే ఇటలీ మతగురువు దగ్గరున్న అలాంటి కోసిన బొమ్మల సరుకు వేలానికి వచ్చింది. అందుకే మీ చేతికొచ్చే ఫొటోలో పాట తరచు సగంలో తెగిపోయి ఉంటుంది.

అభ్యాసం: క్లెఫ్ రెండో గీతకు దిగితే సోల్ ఎక్కడ? మొదటి గీత కింద. మరి రే? అది మీరే లెక్కించి, సోల్ నుంచి రేకి గెంతడం శ్రుతిపెట్టెతో సాధన చేయండి. వచ్చే పాఠం: మూడేసి స్వరాల గుర్తులు.