పిల్లలకు తక్కువ ధరలో బ్యాటరీ బైకు: ఏం చూసి కొనాలి?

మా చిన్నదానికి మూడేళ్లు నిండినప్పుడు ఒక బ్యాటరీ బైకు కొన్నాం. షాపులో స్విచ్ వేయగానే చక్రాల్లో రంగురంగుల లైట్లు, హ్యాండిల్ దగ్గర పాట. పాప మొహం చూసి అక్కడే డబ్బు కట్టేశాం. నెలన్నర తిరిగేసరికి బండి కదలడం మానేసింది. పాట మాత్రం వస్తూనే ఉంది, ఎందుకంటే పాటకు కరెంటు కొంచెం చాలు, మోటారుకు చాలా కావాలి. సీటు విప్పి చూస్తే లోపల అరచేతిలో పట్టేంత బ్యాటరీ. రెండోసారి కొనేటప్పుడు ఈ కింది వరసలో చూసుకున్నాను.

ముందు ఇంట్లోనే పాపను కొలవండి

పెట్టె మీద రాసే "3 నుంచి 8 ఏళ్లు" అన్న మాటను పట్టించుకోకండి. చెప్పులు లేకుండా బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టండి. రెండు కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా జరిపి, దాని పై అంచు నుంచి నేల వరకు టేపుతో కొలవండి. బండి సీటు ఎత్తు దీనికంటే కాస్త తక్కువే ఉండాలి. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనితేనే భయమేసినప్పుడు ఆపుకోగలరు. బండి మోయగల బరువు కూడా చూడండి. మీ బిడ్డ బరువు కంటే ఏడెనిమిది కిలోలు ఎక్కువ ఉంటే రెండేళ్లు పనికొస్తుంది.

ఎక్కడ నడుపుతారో ఆలోచించండి

గచ్చు, టైల్స్ మీద గట్టి ప్లాస్టిక్ చక్రాలు జారతాయి, చప్పుడూ ఎక్కువే. చక్రం చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నది తీసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం దయచేసి వద్దు. కారు రివర్స్ చేసేవాళ్లకు అంత కిందనున్న పిల్లలు కనపడరు. ర్యాంపు దగ్గరకూ వెళ్లనివ్వకండి. ఈ చవక బళ్లలో చాలావాటికి విడిగా బ్రేకు ఉండదు, వాలులో పట్టు తప్పుతాయి.

బ్యాటరీ లేబుల్ చదవండి

మీ డబ్బులో ముఖ్యమైన భాగం ఇక్కడే ఉంది. షాపువాళ్లను సీటు తీసి చూపించమనండి, మొహమాటపడకండి. బ్యాటరీ మీద రెండు అంకెలుంటాయి: వోల్టులు (V), ఏహెచ్ (Ah, అంటే ఆంపియర్ అవర్). వోల్టులు బండి ఊపుకు సంబంధించినవి, ఏహెచ్ అంటే ఎంతసేపు నడుస్తుందన్నది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు 6 వోల్టులు చాలు. మనం పక్కనే నడుస్తూ అందుకోగల వేగమే వస్తుంది. ఐదేళ్లు దాటి, ఆరుబయట నడిపేవాళ్లకైతే 12 వోల్టుల గురించి ఆలోచించవచ్చు. 6 వోల్టుల బండికి 4.5 ఏహెచ్ బ్యాటరీ ఉంటే మంచిది.

చార్జర్ మీదా ఒక అంకె ఉంటుంది. 500 మిల్లీ ఆంపియర్లని, అంటే అర ఆంపియరని ఉంటే, ఖాళీ అయిన 4.5 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి (4.5ని 0.5తో భాగిస్తే) తొమ్మిది, పది గంటలు పడుతుంది. "రెండు గంటల్లో ఫుల్" అని ఎవరైనా చెబితే ఈ లెక్క గుర్తుచేసుకోండి.

రేజ్ ఎక్కడుందో చూడండి

కొన్నిటికి పెద్దవాళ్ల బండిలా చేత్తో తిప్పే రేజ్ ఉంటుంది, కొన్నిటికి కాలితో నొక్కే పెడల్. చిన్నపిల్లలకు పెడలే మేలని నా గట్టి అభిప్రాయం. భయపడ్డ బిడ్డ చేసే మొదటి పని హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం. చేతిలో రేజ్ ఉంటే బండి ఇంకా ముందుకురుకుతుంది. మా పాప షాపులో అలాగే స్టూలుకు గుద్దింది. పెడలైతే కాలు తీయగానే మోటారు ఆగిపోతుంది.

ఐఎస్ఐ గుర్తు వెతకండి

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఈ గుర్తు తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచేవాటి ప్రమాణం ఐఎస్ 15644. గుర్తు కింద సీఎం/ఎల్ (CM/L) అని మొదలయ్యే లైసెన్సు నంబరును, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పెట్టె మీది పేరుతో అది కలవకపోతే కొనకండి.

డబ్బు ఇచ్చేముందు

పాపను ఎక్కించి, హ్యాండిల్ పూర్తిగా పక్కకు తిప్పించండి. పక్క చక్రాలు ఊగితే ఆ బండి వద్దు. బ్యాటరీ, చార్జర్ విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందుగా పాడయ్యేవి అవే. లైట్లు, పాటలు లేని బండికి కొంచెం తక్కువ అడుగుతారు, మిగిలిన డబ్బుతో తలకు సరిపోయే హెల్మెట్ కొనండి. కిందపడటానికి వేగం అక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక

మొదటిసారి పూర్తిగా చార్జ్ చేసి ఇవ్వండి. చవక చార్జర్లలో చాలావరకు నిండాక వాటంతట అవి ఆగవు. అందుకే రాత్రి పెట్టి పడుకోకుండా, పగలు మీ కంటి ముందు, మంచానికి, బట్టలకు దూరంగా పెట్టండి. బండి నెమ్మదించగానే ఆట ఆపి చార్జింగ్ పెట్టాలి. వీటిలో ఎక్కువగా వచ్చేది లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఖాళీగా వదిలేస్తే మళ్లీ చార్జ్ పట్టదు. మా మొదటిది పోయింది అందుకే కూడా. వానాకాలంలో బండి మూలన పడి ఉన్నా, ఇప్పుడు నెలకోసారి గుర్తుపెట్టుకుని చార్జ్ చేస్తున్నాను.