విరాళాల సైకిల్ యాత్ర ఎలా చేయాలి? నల్లగొండ నుంచి పాలమూరు దాకా

విరాళాల కోసం సైకిలెక్కాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నలు రెండే: ఏ సైకిల్ కొనాలి, రోజుకు ఎంత దూరం తొక్కాలి? రెండూ తేలిగ్గా తేలిపోయేవే. ఊళ్లో ఎవరో వంద నోటు చాపినప్పుడు దాన్ని ఎలా అందుకోవాలి, ఎక్కడ రాయాలి, రాత్రికి ఎక్కడ ఉంచాలి అని మాత్రం ఎవరూ అడగరు. యాత్రలు చెడిపోయేది అక్కడే. నెల తర్వాత ఎవరో ఒకరు "ఆ సైకిల్ సారుకు ఇచ్చిన పైసలేమైనయి?" అంటారు. చూపించడానికి కాగితం ఉండదు. ఆ తర్వాత నిజాయితీగా వచ్చేవాళ్లను కూడా ఆ ఊరు నమ్మదు. అందుకే ఇక్కడ సైకిల్ గురించి తక్కువ, డబ్బు గురించి ఎక్కువ.

దారి, కాలం

నవంబర్ చివరి నుంచి జనవరి మొదటి వారం దాకా బయల్దేరాలి. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి తూర్పున నల్లగొండలో మొదలుపెట్టి పడమటికి పాలమూరు వైపు తొక్కితే వీపున ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి ముఖానికి కొడుతుంది, ఆ నెలల్లో ఈ దారి పట్టకూడదు. సంక్రాంతి వారం కూడా వద్దు: బ్యాంకులకు సెలవులు, రోడ్ల నిండా కార్లు.

నల్లగొండ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్, అక్కడి నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, భూత్పూర్, మహబూబ్‌నగర్, అంటే పాలమూరు. మొత్తం 250 కిలోమీటర్లకు అటూఇటూ. ఆరు రోజులు పెట్టుకోవాలి. మూడు రోజుల్లో తొక్కేయొచ్చు, కానీ అప్పుడు ఊళ్లలో ఆగడానికి సమయం మిగలదు, ఆగనప్పుడు ఈ యాత్రకు అర్థం లేదు. విజయవాడ హైవే, బెంగళూరు హైవే పట్టుకోవద్దు. అక్కడ ఊళ్లన్నీ సర్వీసు రోడ్ల పక్కన పడిపోయాయి, హైవే మీద ఆగి మాట్లాడే మనిషి దొరకడు. అచ్చంపేట నుంచి శ్రీశైలం వైపు మళ్లాలనిపించినా వద్దు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, దాటాక పులుల అభయారణ్యం.

వానాకాలం వడ్లు ఆరబోసే రోజులు ఇవే. సగం రోడ్డు మీద ధాన్యం, దాని అంచున రాళ్లు వరసగా పెట్టి ఉంటాయి. చీకట్లో ఆ రాయి కనిపించదు, ముందు చక్రం దానికి తగిలితే పడిపోవడం ఖాయం. తెల్లవారక ముందు తొక్కొద్దు. ధాన్యం మీదుగా సైకిల్ పోనియ్యొద్దు, ఆ రైతు దగ్గరికే రేపు విరాళం అడగడానికి వెళ్లాలి.

సైకిల్, సామాను

గేర్ల సైకిల్, 35 మిల్లీమీటర్ల టైర్లు, గాలి 60 నుంచి 65 పీఎస్ఐ. వాల్వు మోటారు సైకిల్ ట్యూబుకు ఉండే రకమే ఉండాలి. సన్న వాల్వు ఉంటే డిండి దగ్గర పంక్చరు షాపులో గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు. ట్యూబులు రెండు, ప్యాచీలు ఎనిమిది, సొల్యూషన్, టైరు లివర్లు, చేతి పంపు, 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు. సామాను 8 కిలోలు దాటొద్దు. అది క్యారియరుకు వేలాడే సంచుల్లో ఉండాలి, వీపు మీద ఉంటే మధ్యాహ్నానికి నడుము పోతుంది.

పంక్చర్లు ఎక్కువగా సర్కారు తుమ్మ ముళ్ల వల్ల, మొరం మీద పాకే పల్లేరు కాయల వల్ల అవుతాయి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల నూలుగుడ్డ చుట్టూ తిప్పాలి, ముల్లు ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. ఆ పని చేయకపోతే కిలోమీటరు పోకముందే కొత్త ట్యూబు కూడా పోతుంది. సొల్యూషన్ పూశాక తడి మెరుపు పోయేదాకా ఐదు నిమిషాలు ఆగి ప్యాచీ అతికించాలి. వెనక కారు పెట్టుకోవద్దు. కారు కనిపించిన చోట ఊరివాళ్లు సైకిల్‌ను చూడరు, కారులో ఎవరున్నారు, ఏ పార్టీ అని చూస్తారు.

దేనికోసం అడుగుతున్నారు?

ఒకే పని, ఒకే మొత్తం. "పేదల కోసం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఫలానా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్లు బాగుచేయడానికి లక్షా నలభై వేలు" అనాలి, ఆ అంచనా కాగితం సంచిలో ఉండాలి.

నల్లగొండ వైపు చాలామంది ఫ్లోరైడ్ పేరు చెప్పి నీటిశుద్ధి యంత్రానికి చందాలు వసూలు చేస్తారు. అది గొప్ప పనే. అయితే ముందు పంచాయతీ కార్యదర్శిని కలిసి, మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఆ వాడకు వస్తున్నాయా లేదా కనుక్కోవాలి. వస్తుంటే యంత్రం అవసరం లేకపోవచ్చు. రాకపోతే బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ పరీక్ష కాగితం లేకుండా ఫ్లోరైడ్ అనే మాట నోట రానివ్వొద్దు. ఆర్వో యంత్రం కొనడానికి డబ్బు అడిగేవాళ్లు దాని పొరలు మార్చే ఖర్చు లెక్కలో వేయరు. పొర పాడైతే మార్చే దిక్కుండదు, యంత్రం ఒక మూలకు చేరుతుంది. మూడేళ్ల నిర్వహణ ఖర్చు కలిపి అడగండి, లేదా అసలు అడగొద్దు.

ఊళ్లో అడుగుపెట్టినప్పుడు

పోలీసు స్టేషన్‌కు, దారిలోని పంచాయతీలకు వారం ముందే ఉత్తరం ఇవ్వాలి. పడుకోవడానికి రైతు వేదిక మేలు. వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగితే తాళం ఇస్తారు. ఊళ్లోకి రాగానే కిరాణా దుకాణం దగ్గర ఆగి, సైకిల్ దిగి, నీళ్లు అడగాలి. డబ్బు మాట మొదటి పది నిమిషాలు ఎత్తొద్దు. వాళ్లే అడుగుతారు: "యాడికెళ్లి వస్తున్నరు? ఈ పనికి నీకు జీతమెంతిస్తరు?" ఇది అనుమానం కాదు, లెక్క తెలిసిన మనిషి అడిగే మొదటి మాట. జీతం లేకపోతే లేదనాలి, ఉంటే ఎంతో చెప్పాలి. పెద్దవాళ్లను తాతా, పెద్దమ్మా అని, ఈడువాళ్లను అన్నా, అక్కా అని పిలవాలి. చేతిలో మైకు ఉండకూడదు.

డబ్బు అందుకోవడం

ఇక్కడ తొందర పనికిరాదు.

మొదట ఖాతా. క్యూఆర్ కోడ్ మీరు ఏ సంస్థ తరఫున విరాళాలు అడుగుతున్నారో ఆ సంస్థ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాదే కావాలి. తొక్కే మనిషి సొంత ఫోన్ నంబరుకు ఒక్క రూపాయి కూడా రానివ్వొద్దు. సొంత ఖాతాలో పడిన విరాళం సొంత డబ్బుతో కలిసిపోతుంది, ఆ తర్వాత ఏది ఎవరిదో ఎంత నిజాయితీపరుడైనా నిరూపించలేడు. స్కాన్ చేస్తే ఫోన్లో వచ్చే పేరు, కార్డు మీద తెలుగులో రాసిన పేరు ఒకటే అయ్యుండాలి. రోజూ పొద్దున ఒక రూపాయి పంపి చూసుకోవాలి, మీ కార్డు మీద ఎవరైనా వేరే స్టిక్కరు అతికించి ఉండొచ్చు. ఇచ్చేవాళ్ల ఫోన్ చేతిలోకి తీసుకోవద్దు. "నువ్వే కొట్టు బిడ్డా, నాకు రాదు" అని ముసలివాళ్లు ఇస్తారు. అప్పుడు వాళ్ల ఇంటి పిల్లను పిలవాలి, లేదా నగదు తీసుకోవాలి. రేపు ఆ ఖాతాలో ఏ కారణంతో డబ్బు పోయినా మీ పేరే వినిపిస్తుంది.

తర్వాత రసీదు. క్రమసంఖ్య అచ్చువేసిన రసీదు పుస్తకం, యాభై ఆకులది, కార్బన్ పేపరుతో. బాల్ పెన్నే వాడాలి, జెల్ పెన్ను ఒత్తు కింది కాగితానికి దిగదు. పేరు, ఊరు, మొత్తం అంకెల్లో, మొత్తం అక్షరాల్లో, తేదీ, సంతకం. అక్షరాల్లో రాయకపోతే 100 పక్కన సున్నా చేరడానికి క్షణం పట్టదు. తప్పు రాస్తే చింపొద్దు, రెండు ప్రతుల మీదా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి. ఒక్క నంబరు కనిపించకపోయినా మొత్తం పుస్తకం మీద అనుమానం వస్తుంది. "పేరు వద్దులే సారూ" అనేవాళ్లుంటారు. పేరు, చిరునామా లేని డబ్బును ఆదాయపు పన్ను శాఖ అనామక విరాళంగా చూస్తుంది, సంస్థకు అది పరిమితి దాటితే 30 శాతం పన్ను పడుతుంది. ఈ మాట నెమ్మదిగా చెబితే పేరు ఇస్తారు. విరాళానికి ఆదాయపు పన్నులో దక్కే 80జీ మినహాయింపు కావాలన్నవాళ్ల దగ్గర పాన్ నంబరు రాసుకోవాలి. నగదు 2,000 దాటితే ఆ మినహాయింపు రాదని ముందే చెప్పాలి, తర్వాత తెలిస్తే మోసం చేశారనుకుంటారు.

అమెరికా డబ్బు సంగతి చాలామందికి తెలియదు. ఈ జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేమీ కాదు. "మా వాడు పంపిస్తడు" అంటే వెంటనే క్యూఆర్ ఇవ్వొద్దు. ఆ అబ్బాయిది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, రూపాయల్లో పంపినా, ఇక్కడికి వచ్చి చేతికిచ్చినా అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థ, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దానికోసమే తెరిచిన ఖాతాలో మాత్రమే తీసుకోవాలి. సాగర్ దగ్గర బుద్ధవనం చూడ్డానికి వచ్చిన విదేశీయులు ఇచ్చే నోటుకూ ఇదే నియమం. నమోదు లేకపోతే దండం పెట్టి వద్దనాలి.

ఎవరి దగ్గర తీసుకోకూడదు? పిల్లలు సొంతంగా తెచ్చిచ్చే డబ్బు వద్దు. కల్లు కాంపౌండు దగ్గర, తాగి ఉన్నవాళ్ల దగ్గర వద్దు. పొద్దున మత్తు దిగాక ఇంట్లో గొడవ అవుతుంది. ఒంటరిగా ఉన్న ఇంటి గడపలో కూడా వద్దు. కిరాణా ముందు, పంచాయతీ ఆఫీసు దగ్గర, బడి వరండాలో, ఊరివాళ్లు ఇద్దరైనా చూస్తుండగా తీసుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది వృద్ధాప్య పింఛను మీద బతికే ముసలమ్మ ఇచ్చే నోటు. కొంగు ముడి విప్పి రెండు వందలు తీసి చేతిలో పెడుతుంది. ఆమెకు నెలకు వచ్చేదే 2,016 రూపాయలు. చేతులు అడ్డం పెట్టి "వద్దు పెద్దమ్మా, నీకే కావాలి" అనడం దయ అనిపిస్తుంది, కానీ నలుగురి ముందు ఆమెను ఇవ్వలేని మనిషిగా నిలబెట్టినట్టే. మొత్తం తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు. పది రూపాయలు తీసుకోవాలి. మిగతా డబ్బు ఆమె చేతిలోనే పెట్టి, ఆ పదికి అందరికీ రాసినట్టే పూర్తి రసీదు రాసి, పేరు చదివి వినిపించి ఇవ్వాలి. పదికి రసీదెందుకని పక్కనున్నవాళ్లు అంటారు. రాయాల్సిందే. అది చూశాక ఐదు వందలు ఇవ్వాలా వద్దా అని ఊగుతున్న మనిషికి ధైర్యం వస్తుంది.

మాట ఇచ్చినవాళ్లకు రసీదు ఉండదు. ఊరి పెద్ద సభలో యాభై వేలు ప్రకటిస్తే దండం పెట్టాలి, ఖాతాలో పడ్డాకే లెక్కలో రాయాలి. చెక్కు సంస్థ పేరు మీదే ఉండాలి. బియ్యం మూటలు, కూరగాయలు ఇస్తామంటే సైకిల్ మీద మోయలేరు, ఆ ఊరి అంగన్‌వాడీకి ఇవ్వమనాలి. భోజనం పెడతామంటే జొన్నరొట్టె కడుపునిండా తినాలి. పంక్చరు ఖర్చు, చాయ్ ఖర్చు మాత్రం సొంత జేబులోంచే పోవాలి. "తర్వాత సర్దుతా" అని విరాళం సంచిలోంచి ఇరవై తీసిన రోజే లెక్క పోయినట్టు.

బయల్దేరే ముందు ఆ ఊరి మొత్తం, రసీదు నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, పంచాయతీ బోర్డుకు అతికించాలి. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నది భూదాన ఉద్యమం నడిపిన వినోబా భావేతో చాటుగా కాదు, ఊరి జనం కూర్చున్న సభలో. నలుగురూ విన్న మాటకు నలుగురూ కాపలా ఉంటారు. ఆన్‌లైన్లో లింకు పెట్టి అడిగే పద్ధతిలో ఈ కాపలా దొరకదు. అందుకే ఈ పల్లెల్లో ఎదురుగా నిలబడి అడగడమే సరైన దారి.

నగదు 5,000 దాటితే దగ్గర ఉంచుకుని తొక్కొద్దు. హాలియా, దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ ఏదొచ్చినా అక్కడి బ్యాంకులో కట్టి, ఆ చలానా నంబరు చివరి రసీదు ప్రతి మీద రాయాలి. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులుండవు, ఆదివారం ఎలాగూ లేదు. దారి వేసుకునేటప్పుడే ఈ రోజులు చూసుకోవాలి. ఆ రెండు రోజులు తీసుకున్న నగదును మీ వెంట ఉన్న రెండో మనిషి ముందు లెక్కపెట్టి, కవరులో పెట్టి, అంటించి, కవరు మీద ఇద్దరూ సంతకాలు చేయాలి.

పాలమూరు చేరాక మిగిలిన రసీదు ఆకులన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, పుస్తకాలు, చలానాలు సంస్థ కోశాధికారికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. పని పూర్తయ్యాక కొన్న సామాను బిల్లు నకలు, పని ఫొటో ఆగిన ప్రతి పంచాయతీకీ పోస్టులో పంపాలి. వాట్సాప్‌లో పంపితే కార్యదర్శి ఫోన్లోనే ఉండిపోతుంది. కాగితం వెళ్తే దాన్ని బోర్డు మీద అతికిస్తారు.