ఎఫ్‌ఎన్‌డీకి వైద్య బృందాన్ని మీరే కూడగట్టుకోవడం ఎలా?

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కాలు పడిపోయిందనో, చెయ్యి వణుకుతోందనో వచ్చేవారిలో కొందరి ఎంఆర్‌ఐ, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉంటాయి. కాలు మాత్రం లేవదు. "అంటే నేను నటిస్తున్నానా మేడమ్?" అని అడుగుతారు. నటన కాదమ్మా, ఇది నిజమైన జబ్బే. పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, పొట్టిగా ఎఫ్‌ఎన్‌డీ. నరాలు తెగలేదు, మెదడులో గడ్డ లేదు, కానీ కదలికకు ఆజ్ఞ వెళ్లే తీరు గాడి తప్పింది. సిరిసిల్ల నుంచి వచ్చేవారికి మగ్గం ఉదాహరణ చెబుతాను: మోటారు తిరుగుతోంది, నూలు తెగలేదు, డిజైనును నడిపించే జకార్డు అట్టల వరుస తప్పింది, అందుకే బట్ట మీద డిజైను సరిగా పడటం లేదు.

ముందు న్యూరాలజిస్టును కలవండి. 'ఏమీ లేదు, టెన్షన్' అనే మాటతో ఇంటికి రావద్దు. స్కాన్‌లో ఏమీ దొరకలేదు కాబట్టి ఎఫ్‌ఎన్‌డీ అనుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు ఒంటిని పరీక్షించినప్పుడు కనిపించే లక్షణాలను బట్టే దీన్ని నిర్ధారిస్తారు. 1908లో హూవర్ అనే వైద్యుడు చెప్పిన పరీక్ష నేటికీ పనికొస్తోంది. పడుకోబెట్టి, పడిపోయిన కాలి మడమతో మంచాన్ని అదమమంటే అదమలేరు. బాగున్న కాలు ఎత్తమని డాక్టరు దాన్ని చేత్తో అడ్డుకుంటే మాత్రం, పడిపోయిందనుకున్న మడమ తనంతట తానే మంచాన్ని గట్టిగా అదుముతుంది. ఈ పరీక్షను పేషెంటుకూ ఇంట్లోవాళ్లకూ చూపించమని అడగండి. బలం లోపలే ఉందని కళ్లారా చూడటంతోనే సగం భయం పోతుంది. ఎఫ్‌ఎన్‌డీతో పాటు మూర్ఛ, మైగ్రేన్ వంటివి కూడా ఉండవచ్చు. కాబట్టి ఏ లక్షణం దేనిదో కాగితం మీద విడివిడిగా రాయించుకోండి.

ఈ జబ్బుకు న్యూరాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టు కలిసి పనిచేయాలి. గొంతు పోతే స్పీచ్ థెరపిస్టు కూడా కావాలి. మన వైపు వీళ్లందరూ ఒకే చోట దొరకడం అరుదు. న్యూరాలజిస్టు హైదరాబాద్ నిమ్స్‌లో, సైకియాట్రిస్టు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో, ఫిజియో మీ ఊరి పక్క పట్నంలో ఉంటారు. ఒకరు డిస్కు జరిగిందంటారు, ఇంకొకరు మనసులో పెట్టుకోవద్దంటారు, ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజు ఎక్కిస్తాడు. మూడు మాటలు విన్న మనిషి వ్యాయామం ఎందుకు చేస్తాడు?

అందుకే ఒక పొడుగు నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో జబ్బు పేరు, దాన్ని నిర్ధారించిన డాక్టరు సంతకం ఉండాలి. రెండో పేజీలో లక్ష్యం రాయండి. 'నడవాలి' అని రాస్తే చాలదు. 'కాజీపేట స్టేషన్‌లో మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లాలి', 'బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఒక కట్ట చుట్టాలి' అన్నట్టు రాయండి. ఎవరి దగ్గరికి వెళ్లినా ఆ పుస్తకం ముందు పెట్టి, రెండు వాక్యాలు రాయమనండి. కొందరు విసుక్కుంటారు. అయినా అడగండి.

ఇక వ్యాయామం. నా పని కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎఫ్‌ఎన్‌డీలో కాలి మీద ధ్యాస పెట్టేకొద్దీ కాలు మొండికేస్తుంది. ధ్యాస మళ్లితే కదులుతుంది. ఇంట్లోవాళ్లు చుట్టూ నిలబడి "ఎత్తు, ఇంకాస్త ఎత్తు" అంటే చేటే. మంచం మీద కాలు ఎత్తించడం కంటే, కుర్చీలోంచి లేవడం, నిలబడి బరువును ఎడమకూ కుడికీ మార్చడం, వంటగట్టు పట్టుకుని పక్కకు నడవడం మేలు. ముందుకు నడవలేనివారు వెనక్కి నడవగలగడం నేను తరచూ చూస్తుంటాను. అలా కుదిరితే అక్కడి నుంచే మొదలుపెట్టి మెల్లగా దిశ మార్చండి. ఆడవాళ్లకు నేను మొదట చెప్పేది బతుకమ్మ అడుగులు. చప్పట్ల లయకు పాదం అలవాటుగా పడుతుంది, దాన్ని ఆలోచించి వేయాల్సిన పని లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంకా మంచిది. దసరా దాకా ఆగనక్కర్లేదు.

చెయ్యి వణికేవారు రెండో చేత్తో బల్ల మీద నెమ్మదిగా తాళం వేయాలి. వణుకు ఆ తాళంలోకి వచ్చిందా, ఆగిందా చూసుకుని తాళం వేగాన్ని తగ్గిస్తూ పోవాలి. వణికే చేతిని గట్టిగా పట్టుకుని ఆపవద్దు. వాకరు, చక్రాల కుర్చీ వెంటనే కొనేయకండి. పడిపోయే ప్రమాదం ఉంటే వాడాల్సిందే, కానీ ఎప్పుడు మానాలో పుస్తకంలో తేదీ రాయించుకోండి.

ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరక్కపోతే కనీసం ఒక్క సంగతి పాటించండి. ఒళ్లు బాగున్న రోజు దుప్పట్లన్నీ ఉతికి, తర్వాత మూడు రోజులు మంచం దిగని వదినలు ప్రతి ఇంట్లో ఉన్నారు. రోజూ ఒకే మోతాదు పని పెట్టుకుని, వారానికి కొంచెం పెంచండి. గొంతు పోయినవారు దగ్గు, గొంతు సవరింపు, మూసిన నోటితో హమ్ అనడం, వీటిలో ఏది వస్తే దాన్నే పొడిగించి మాటలోకి తేవాలి.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటే పిచ్చి అంటున్నారని బాధపడకండి. ఎఫ్‌ఎన్‌డీ వచ్చిన ప్రతివారి వెనుకా విషాదం ఉండి తీరాలని లేదు, దాన్ని తవ్వి తీయాల్సిన అవసరమూ లేదు. లక్షణం మొదలయ్యే ముందు ఒంట్లో కనిపించే సూచనలు, భయం, తప్పించుకునే అలవాట్ల మీద అక్కడ పనిచేస్తారు. దూరం వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా సేవ టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

ఫిట్స్‌లాంటివి వచ్చేవారి ఇళ్లలో తాళాలగుత్తి, చెప్పు వాసన, ఉల్లిపాయ అన్నీ బయటికొస్తాయి. వాటితో లాభం లేదు. పక్కనున్న గట్టి వస్తువులు తీసేసి, కాళ్లూ చేతులూ అదిమిపట్టకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, నెమ్మదిగా మాట్లాడుతూ కూర్చోండి. మూర్ఛ మందులను మాత్రం మీరే ఆపేయకండి. ముఖం వంకరపోవడం, మాట ముద్దగా రావడం వంటి కొత్త లక్షణం హఠాత్తుగా కనిపిస్తే 'ఎఫ్‌ఎన్‌డీయే కదా' అనుకోక 108కి ఫోన్ చేయండి.

బాణామతి, పూనకం అనే పెద్దవాళ్లతో నేను వాదించను. మేడారం మొక్కు ఉంటే తీర్చుకోండి, వ్యాయామం ఆపకండి. వాతలు పెట్టడం, కొట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఫిజియోథెరపీతో అందరూ లేచి పరుగెడతారని నేను చెప్పను. బ్రిటన్‌లో జరిగి 2024లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ప్రత్యేక ఫిజియోథెరపీకీ మామూలు చికిత్సకూ ప్రధాన కొలమానంలో, అంటే నడక, మెట్లెక్కడం వంటి పనులు ఎంతవరకు చేయగలుగుతున్నారన్న లెక్కలో, తేడా కనిపించలేదు. అయితే తమ కదలికలు మెరుగయ్యాయని చెప్పినవారు మాత్రం ప్రత్యేక చికిత్స పొందినవారిలోనే ఎక్కువ. అందుకే నెలల తరబడి నా దగ్గరికే రమ్మనను. ఎన్ని వారాలు, ఎప్పుడు ఆపాలి అన్నది మొదటి రోజే మీ ఫిజియోను అడగండి. ఆపేటప్పుడు పుస్తకం చివరి పేజీలో, లక్షణాలు తిరగబెడితే మొదట చేయాల్సిన రెండు వ్యాయామాలు, కలవాల్సిన డాక్టరు పేరు రాయించుకోండి. కరెంటు మిషన్లు పెట్టి నెలల ప్యాకేజీ అమ్మేవారి దగ్గర అడ్వాన్సు కట్టకండి.